గడ్డికి ఒక గడువు, నట్టకు మరో గడువు: చిన్న కమతంలో వంతుల మేపు

ఆవు కొరికి వదిలిన గడ్డి దుబ్బును నాలుగో రోజు పొద్దున వంగి చూడాలి. తెగిన ఆకుల కొసలు గోధుమరంగుకు తిరిగి మొద్దుగా కనిపిస్తాయి. వాటి నడుమ నుంచి లేత ఆకు ఒకటి అప్పుడే పైకి లేచి ఉంటుంది. ఆ ఆకును పెంచింది ఎండ కాదు. నేలకు ఆనుకున్న కాడ మొదట్లో దుబ్బు దాచుకున్న చక్కెరలు ఖర్చయి ఆ ఆకు బయటికి వచ్చింది. ఆవు ఇంకా అదే చోట తిరుగుతూ ఉంటే, చుట్టూ ముదురు గడ్డి ఎంత ఉన్నా దాని నోరు మొదట పడేది ఈ చిగురు మీదే. అలా రెండోసారి తెగినప్పుడు దుబ్బు మళ్ళీ నిల్వలోకే చెయ్యి పెట్టాలి. మూడోసారికి ఆ నిల్వ ఉండదు. మంచి రకం గడ్డి పలచబడి, పశువులు ముట్టని కలుపు దాని చోటును ఆక్రమించడం ఇక్కడే మొదలవుతుంది.

పచ్చిక చెడిపోతే పశువులు ఎక్కువయ్యాయనుకోవడం సహజం. భూమి మోయగలిగినదానికంటే ఎక్కువ పశువులను పెడితే ఏ పద్ధతీ కాపాడదు, అది నిజమే. అయితే మూడెకరాల బీడులో రెండే ఆవులను ఏడాది పొడవునా వదిలేసినా కొన్ని దుబ్బులు అరిగి చస్తాయి, పక్కనే మరికొన్ని ఎవరూ ముట్టక ముదిరి వృథా అవుతాయి. ఫ్రాన్సుకు చెందిన రైతు, జీవరసాయన శాస్త్రవేత్త ఆంద్రే వాజాఁ 1950లలో గట్టిగా చెప్పిన మాట ఇదే: గడ్డి అతిగా మేతకు గురికావడం అనేది పశువుల సంఖ్యకంటే, అవి ఒకచోట ఎన్నాళ్ళు ఉన్నాయి, ఎన్నాళ్ళకు తిరిగి వచ్చాయి అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. వంతుల మేపు అంటే భూమిని మడులుగా చేసి, మందను ఒకదాని తర్వాత ఒకదానికి నడిపించడం. చూసేవారికి మంద కదలిక కనిపిస్తుంది. ఫలితం ఇచ్చేది మాత్రం మంద లేని మడి, అక్కడ గడ్డికి దొరికే విరామం.

ఆ విరామంలో నేల కింద జరిగేది ఇంకా ముఖ్యమైనది. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త ఫ్రాంక్లిన్ క్రైడర్ 1955లో ప్రచురించిన ప్రయోగాల్లో గడ్డి ఆకును రకరకాల మోతాదుల్లో కత్తిరించి, వేర్ల పెరుగుదలను గమనించారు. ఆకులో 40 శాతం వరకు తీసినప్పుడు వేర్లు దాదాపు యథావిధిగా పెరిగాయి. సగం దాటాక ఆగిపోయే వేర్ల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. 80 శాతం తీసేస్తే వేర్లన్నీ 12 రోజులు, 90 శాతం తీసేస్తే 17 రోజులు కదలలేదు. కత్తిరింపుకూ పశువు నోటికీ తేడా ఉంది, గడ్డి రకాన్ని బట్టీ లెక్క మారుతుంది. అయినా దిశ స్పష్టమే. నున్నగా గొరిగినట్టు మేపిన నేలలో గడ్డి పైన కోలుకునేలోపు కింద వేరు ఆగిపోతుంది. వాన వెనక్కి తగ్గిన వారంలో ముందుగా వాడిపోయేది అలాంటి మడే. సగం తినిపించి సగం వదలాలన్న పాత సూత్రానికి ఇదే ఆధారం.

మేసిన మడి తిరిగి పెరిగే తీరు మూడు దశల్లో ఉంటుంది. మొదట ఆకు తక్కువ కాబట్టి పెరుగుదల మెల్లగా సాగుతుంది. తగినంత ఆకు రాగానే రోజురోజుకూ ఉరకలు వేస్తుంది. ఆ తర్వాత కింది ఆకులు నీడలో పండి ఎండుతూ, కాడ పీచుబారి, వెన్ను తీయడానికి సిద్ధమవుతుంది. మందను తోలవలసిన సమయం రెండో దశ చివర. బయటికి తీయవలసిన సమయం గడ్డి మళ్ళీ మొదటి దశకు పడిపోకముందే. చల్లని దేశాల్లో విస్తారంగా పెంచే రై గడ్డి విషయంలో ఇందుకు ఒక తేలికైన గుర్తు ఉంది: పిలకకు రెండున్నర నుంచి మూడు కొత్త ఆకులు వచ్చాయంటే అది సిద్ధంగా ఉన్నట్టు. నాలుగో ఆకు వచ్చేసరికి మొదటి ఆకు ఎండిపోతుంది, ఆపై ఆగితే లాభం లేదు. వేర్వేరు గడ్డి జాతులకు గుర్తులు వేరైనా అందరూ చేయగలిగిన పని ఒకటుంది. క్యాలెండరును పక్కన పెట్టి మోకాళ్ళ మీద కూర్చుని దుబ్బును చూడటం.

కమతానికి ఎన్ని మడులు?

ఇక్కడ లెక్క కట్టి చూడటం మేలు, ఎందుకంటే అంచనాలు చాలావరకు ఇక్కడే తప్పుతాయి. ఒక కుటుంబం దగ్గర 400 కిలోల బరువున్న రెండు ఆవులు, సగటున 30 కిలోల బరువున్న పది గొర్రెలు ఉన్నాయనుకుందాం. మొత్తం బరువు 1,100 కిలోలు. నెమరువేసే పశువు రోజుకు తన బరువులో 2.5 నుంచి 3 శాతం దాకా ఎండు పదార్థం, అంటే నీరు పోగా మిగిలే మేత, తింటుంది. మూడు శాతం చొప్పున రోజుకు 33 కిలోలు కావాలి.

ఇక మడిలో ఎంత ఉందో తెలియాలి. అరమీటరు పొడవు, అరమీటరు వెడల్పు ఉన్న చట్రాన్ని గడ్డి మీద వేసి, అందులోని గడ్డిని నేల మట్టానికి కోసి, పూర్తిగా ఎండబెట్టి తూచాలి. 50 గ్రాములు తూగిందనుకుందాం. అంటే చదరపు మీటరుకు 200 గ్రాములు. సగం వదిలేస్తే తినడానికి దక్కేది 100 గ్రాములు. ఆ లెక్కన 33 కిలోలకు రోజూ 330 చదరపు మీటర్లు కావాలి. ఒక్కో వైపు 18 మీటర్లున్న చదరం అన్నమాట. గడ్డి తిరిగి ఎదగడానికి 35 రోజులు పడితే, ఈ రోజు మేస్తున్న మడిని కలుపుకొని 36 మడులు ఉండాలి. మొత్తం 11,880 చదరపు మీటర్లు, దాదాపు మూడెకరాలు. చట్రాన్ని ఒక్కచోట వేసి సరిపెట్టుకోకూడదు. ఒత్తుగా ఉన్నచోట, పలచగా ఉన్నచోట, మధ్యస్థంగా ఉన్నచోట కోసి సగటు తీస్తేనే ఆ అంకెకు విలువ.

36 అనగానే గుండె జారనక్కర్లేదు. శాశ్వత కంచెతో ఆరు భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని చేతితో మోసుకెళ్ళగల విద్యుత్ తీగతో ఆరు చారలుగా విడగొడితే సరిపోతుంది. వాడుకలో ఉండే తీగలు రెండే: మందకు ముందున ఒకటి, వెనక ఒకటి. చాలామంది ముందు తీగను జరుపుతూ వెనక తీగను మరచిపోతారు. అప్పుడు పశువులు నిన్నటి, మొన్నటి చారల్లోకి వెళ్ళి అప్పుడే లేస్తున్న చిగురును కొరికేస్తాయి. చూడటానికి వంతుల మేపులాగే ఉంటుంది, గడ్డికి మాత్రం విరామం దొరకదు.

ఈ లెక్క ఏడాదంతా ఒకేలా నిలవదు. మంచి తేమ, వెచ్చదనం ఉన్న రోజుల్లో గడ్డి 20 రోజులకే సిద్ధమైతే 21 మడులు చాలు. మిగిలిన పదిహేనింటిని పశువులకు వదలకుండా కోసి ఎండుగడ్డి గానో, గాలి చొరకుండా పూడ్చిన పాతరగడ్డి గానో దాచుకోవాలి. అదే పెరుగుదల మందగించి 70 రోజులు పట్టే కాలం వచ్చిందనుకోండి. ఒక్కో మడిలో రెండు రోజులు ఉంచితే విరామం 70 రోజులకు పెరుగుతుంది. కానీ మడిలో ఉన్నది ఒక్కరోజు మేతే. మిగతా సగం తొట్టిలో పడాలి. మంచిరోజుల్లో కోసి దాచిన ఆ పదిహేను మడుల గడ్డి ఇప్పుడు అక్కరకు వస్తుంది. గడ్డి మెల్లగా పెరిగేటప్పుడు మందను మెల్లగా తిప్పాలి, వేగంగా పెరిగేటప్పుడు వేగంగా తిప్పాలి. మేత తగ్గిందని కంగారుపడి మందను తొందరతొందరగా మడులు మార్చేవారు ఉన్న కొద్దిపాటి గడ్డినీ ఎదగకముందే కొరికిస్తూ, కొరతను తామే పెంచుకుంటారు. ఈ పద్ధతిలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే.

ఒకే నేల మీద వేర్వేరు నోళ్ళు

ఆవుకు పై దవడలో ముందు పళ్ళు ఉండవు. నాలుకను గడ్డి చుట్టూ తిప్పి, కుచ్చుగా పట్టి లాగుతుంది. అందువల్ల మరీ నేలకు ఆనుకున్నది దానికి అందదు, ఆకును ఏరుకునే నేర్పూ తక్కువ. గొర్రెకూ పై పళ్ళు లేవు కానీ చీలిన పై పెదవి వేళ్ళలా పనిచేస్తుంది. ఒక్కో ఆకును ఏరి, రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తు దాకా కొరకగలదు. గడ్డితో పాటు వెడల్పాకుల మొక్కలను ఇష్టంగా తింటుంది. మేక తల ఎప్పుడూ పైకే. వెనక కాళ్ళ మీద లేచి పొదల కొమ్మలను వంచుకుని ఆకు దూస్తుంది, ముళ్ళు దానికి లెక్కలోవి కావు. ఆవు తన పేడ చుట్టూ మొలిచిన గడ్డిని చాలాకాలం ముట్టదు. పచ్చగా ఏపుగా ఎదిగిన ఆ వలయాలు బీడు నిండా మచ్చల్లా మిగిలిపోతాయి. గొర్రె ఆ వలయంలోకి జంకు లేకుండా మూతి పెడుతుంది.

ఈ తేడాల వల్లే ఒకే జాతిని పెంచినప్పటికంటే కలిపి పెంచినప్పుడు అదే నేల నుంచి ఎక్కువ దక్కుతుంది. ఆవులతో కలిపి మేపిన గొర్రెలు, గొర్రెలను మాత్రమే మేపినప్పటికంటే బాగా బరువు పెరగడం అనేక ప్రయోగాల్లో కనిపించింది. అయితే నోళ్ళు వేరు కదా అని ఉన్న ఆవులకు అదనంగా గొర్రెలను చేర్చి మేత ఉచితం అనుకోవడం పొరపాటు. రెండూ తినే ఉమ్మడి గడ్డే ఎక్కువ. పొదలున్న చోట మేకలను చేర్చడంలో మాత్రం పోటీ నిజంగానే తక్కువ.

మేత పంపకం కంటే పెద్ద లాభం మరొకటి ఉంది. అది కంటికి కనిపించదు.

నట్టల గడువు

గొర్రెలు, మేకల నాలుగో పొట్టలో చేరి రక్తం తాగే ఒక జాతి నట్ట ఉంది. శాస్త్రీయ నామం హీమాంకస్ కంటార్టస్. తెల్లటి గర్భాశయం, రక్తంతో నిండిన ఎర్రటి పేగు ఒకదాన్నొకటి పెనవేసుకుని, ఆడ పురుగు మెలితిప్పిన రెండు రంగుల దారంలా ఉంటుంది. ఒక్కో పురుగు రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్తాన్ని హరిస్తుంది. వెయ్యి పురుగులున్న గొర్రె రోజూ 50 మిల్లీలీటర్లు పోగొట్టుకుంటుంది. ఒక్కో ఆడ పురుగు రోజుకు వేలల్లో గుడ్లు పెడుతుంది. గొర్రె చనిపోయేదాకా విరేచనాలు లాంటి గుర్తులేమీ లేకపోవచ్చు. కంటి కింది రెప్పను వేలితో దించి చూస్తే ఎర్రగా ఉండవలసిన లోపలి పొర పాలిపోయి కాగితంలా ఉంటుంది, దవడ కింద నీరు చేరుతుంది. దక్షిణాఫ్రికాలో ఈ కంటి పొర రంగునే ఆధారం చేసుకుని ఒకటి నుంచి ఐదు వరకు గుర్తులిచ్చే ఫమాచా పట్టికను రూపొందించారు. ఒకటి అంటే ఎర్రగా ఆరోగ్యంగా ఉన్నట్టు, ఐదు అంటే ప్రాణాపాయం.

ఈ పురుగు బతుకంతా పొట్టలోనే గడవదు. పేడతో నేల మీద పడిన గుడ్లు వెచ్చదనం, తేమ ఉంటే నాలుగు నుంచి ఏడు రోజుల్లో సోకే దశకు వస్తాయి. ఆ పిల్లపురుగు తేమ పొరను పట్టుకుని గడ్డిపోచ మీదికి పాకుతుంది. ఎక్కువభాగం మొదటి ఐదు సెంటీమీటర్లలోనే ఆగిపోతాయి. ఈ ఒక్క వివరం నుంచి రెండు నియమాలు పుడతాయి. జీవాలను ఒక మడిలో నాలుగు రోజులు దాటనివ్వకపోతే, తాము వేసిన గుడ్ల నుంచి పుట్టిన పురుగులను అవే తిరిగి తినే అవకాశం బాగా తగ్గుతుంది. గడ్డిని నాలుగు వేళ్ళ ఎత్తున వదిలేస్తే, పురుగులు గుంపుగా ఉండే అడుగు భాగం వాటి నోటికి అందదు. వేర్ల కోసం సగం వదలమన్న సూత్రం ఇక్కడ జీవాల ప్రాణాలనూ కాపాడుతోంది. మేకల విషయంలో ఇది మరింత ముఖ్యం. పొదల మీద ఎత్తున మేసే జంతువు కాబట్టి వాటికి నట్టలను తట్టుకునే శక్తి గొర్రెలకున్నంత లేదు. పొదలు లేని పచ్చికలో మేకలను వంచి మేపితే ముందుగా చిక్కిపోయేవి అవే.

ఇప్పుడు అసలు చిక్కు. సోకే దశకు వచ్చిన పిల్లపురుగు ఏమీ తినదు, ఒంట్లోని నిల్వతోనే బతుకుతుంది. వేడిలో చురుగ్గా కదిలి ఆ నిల్వను త్వరగా ఖర్చు చేసుకుని కొన్ని వారాల్లో చస్తుంది. చల్లగా, తేమగా ఉంటే నెలల తరబడి నిలుస్తుంది. వేడిగా, తేమగా ఉండే పసిఫిక్ ద్వీపదేశం టోంగాలో జరిపిన ప్రయోగం ఫలితాలు 1994లో వెలువడ్డాయి. అక్కడ పది మడులు చేసి, మేకలను ఒక్కోచోట మూడున్నర రోజులు ఉంచి తిప్పారు, అంటే మడికి 31.5 రోజుల విరామం దొరికింది. ఒకేచోట మేసిన మేకలతో పోలిస్తే వీటి పేడలో నట్టల గుడ్లు చాలాసార్లు సగం కంటే తక్కువగా ఉన్నాయి. అక్కడి వాతావరణంలో గడ్డి గడువూ నట్ట గడువూ ఒకదానికొకటి దగ్గరపడ్డాయి. చల్లని ప్రాంతాల్లో ఆ అదృష్టం ఉండదు. గడ్డి 30 రోజులకు సిద్ధమవుతుంది, పురుగులు అప్పటికి ఇంకా సజీవంగా, ఆకలిగొన్న మంద కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. పురుగు చచ్చేదాకా ఆగితే గడ్డి ముదిరి పనికిరాదు. గడ్డి కోసం తోలితే నట్ట సోకుతుంది. గొర్రెలనో మేకలనో మాత్రమే పెంచే కమతంలో వంతుల మేపు మొదలుపెట్టాక నట్టల బెడద పెరిగిందని అనిపించడానికి కారణం చాలాసార్లు ఇదే.

ఈ ముడిని విప్పేది ఆవు. గొర్రెల నట్టల్లో చాలా జాతులు పెద్ద పశువు పొట్టలో నిలదొక్కుకోలేవు. గడ్డితో పాటు వాటిని మింగిన ఆవు నేలను శుభ్రం చేసినట్టే. గొర్రె కూడా ఆవు నట్టలకు అదే చేస్తుంది. గొర్రె, మేకల మధ్య మాత్రం ఈ సాయం పనిచేయదు, రెండింటివీ దాదాపు ఒకే నట్టలు. లేగదూడలనూ ఈ పనికి నమ్మకూడదు, కొన్ని జాతులు వాటిలో నిలుస్తాయి. పెద్ద ఆవులే కావాలి.

పైన వేసిన లెక్కకు తిరిగి వెళదాం. రోజుకు కావలసిన 330 చదరపు మీటర్లలో ఆవుల వాటా 240, గొర్రెల వాటా 90. రెండింటినీ ఒకే గుంపుగా తిప్పితే ప్రతి మడికీ గొర్రెలు 36 రోజులకోసారి వస్తాయి. రెండు గుంపులుగా విడదీసి, భూమిని నాలుగు భాగాలు చేసి, దాదాపు ఒక భాగంలో గొర్రెలను, మిగిలిన మూడింటిలో ఆవులను తిప్పితే గడ్డి విరామం ఏమీ మారదు, అది 35 రోజులే. ఒక చుట్టు పూర్తికాగానే గొర్రెలు పక్క భాగానికి జరుగుతాయి, అవి వదిలిన భాగంలోకి ఆవులు వస్తాయి. ఇలా సాగితే గొర్రెలు మేసిన మడికి మళ్ళీ గొర్రెలు రావడానికి వంద రోజులు దాటుతుంది. ఆ మధ్యలో ఆవులు దాన్ని మూడుసార్లు మేస్తాయి. గడ్డి తన గడువుకు మేతగా మారుతూనే ఉంటుంది, నట్టకు మాత్రం తన గడువులోపు సరైన పొట్ట దొరకదు. అదే మూడెకరాలు, అవే పశువులు. మారింది వరుస ఒక్కటే. కలిపి పెంచడం వల్ల చిన్న రైతుకు దక్కే లాభాల్లో దీనికి సాటి వచ్చేది ఇంకొకటి లేదు.

రెండు గుంపులంటే రెండు కంచెలు, రెండు నీటి తొట్లు, రెట్టింపు పని. అందుకని నట్టలు తక్కువగా ఉండే పొడి నెలల్లో అన్నిటినీ ఒకే మందగా తిప్పి, తేమ కాలంలో మాత్రం విడదీయడం చిన్న కుటుంబానికి సాధ్యమైన దారి. ఒకే మందగా ఉండటంలోనూ ఒక మేలు ఉంది. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో ఉన్న జోర్నాడా పరిశోధన క్షేత్రంలో 1980లలో గొర్రె పిల్లలను కొన్ని వారాలపాటు ఆవులతో కలిపి ఒకే దొడ్లో పెంచారు. ఆ తర్వాత బయట వదిలితే అవి ఆవులను విడిచిపోలేదు. నక్కజాతి జంతువులు దాడికి వచ్చినప్పుడు ఆవుల కాళ్ళ మధ్యకు చేరి ప్రాణాలు దక్కించుకున్నాయి.

నట్టల మందు గురించి ఒక మాట. థయాబెండజోల్ అనే మందు 1961లో వచ్చింది. మూడేళ్ళకే, 1964లో, దానికి లొంగని నట్టలు బయటపడ్డాయి. అన్ని జీవాలకూ మందు తాగించి వెంటనే శుభ్రమైన మడికి తోలడం వినడానికి చక్కగా ఉంటుంది. కానీ అప్పుడు ఆ కొత్త మడిలో గుడ్లు పెట్టేవి మందును తట్టుకుని మిగిలిన పురుగులు మాత్రమే. రెండు మూడేళ్ళు ఇలా చేస్తే ఆ కమతంలో ఆ మందు పనిచేయడం మానేస్తుంది. కంటి రెప్ప చూసి, పాలిపోయిన వాటికే తాగించి, మిగతావాటిని వదిలేయడం మేలు. మందలో పురుగుల భారం ఎక్కువభాగం కొద్ది జీవాల్లోనే పోగుపడి ఉంటుంది, కాబట్టి వాటిని పట్టుకుంటే పని జరుగుతుంది. కొన్ని రకాల నట్టల మందులు పేడ ద్వారా బయటికి వచ్చి పేడపురుగుల పిల్లలను చంపుతాయి. పేడను నేలలోకి దించే ఆ పురుగులు పోతే పేడకుప్పలు ఎండి అలాగే పడి ఉంటాయి, వాటి కింద గడ్డి చస్తుంది.

పేడకుప్పల దగ్గర కోళ్ళు చేసే పనీ తక్కువది కాదు. ఆవులు వెళ్ళిన మూడు నాలుగు రోజులకు కోళ్ళను ఆ మడిలో వదిలితే, పేడలో ఈగల పిల్లపురుగులు లావెక్కి ఉంటాయి, ఈగలుగా మారి ఉండవు. వాటికోసం కోళ్ళు పేడను కాళ్ళతో గీరి పలచగా పరుస్తాయి. ఒకేచోట కుప్పగా ఉన్న ఎరువు చెదిరి ఎండ తగులుతుంది. కోడి గడ్డితో మాత్రం బతకలేదు, దానికి దాణా తప్పనిసరి. ఆ దాణా బయటి నుంచి వచ్చే సారం కూడా, కోడి రెట్టగా నేలలో చేరుతుంది. కోళ్ళ గూడును రోజూ జరపకపోతే రెండు వారాల్లో దాని కింద గడ్డి పోయి బురద మిగులుతుంది.

కలిపి పెంచేటప్పుడు తెలియక ప్రాణాల మీదికి తెచ్చుకునే తప్పులు కొన్ని ఉన్నాయి. ఆవుల కోసం తయారైన ఖనిజ లవణ మిశ్రమంలో రాగి ఎక్కువగా ఉంటుంది. గొర్రె కాలేయం రాగిని నెలల తరబడి పోగుచేసుకుని, ఒక రోజు ఉన్నట్టుండి దాన్ని రక్తంలోకి వదిలేస్తుంది. అప్పటిదాకా బాగానే ఉన్న గొర్రె రెండు మూడు రోజుల్లో పసుపుపచ్చబడి చనిపోతుంది. కాబట్టి ఉమ్మడి మందకు గొర్రెల మిశ్రమమే పెట్టి, ఆవులకు కావలసిన రాగిని విడిగా ఇవ్వాలి. కోళ్ళ దాణా బస్తా విప్పి ఉంచితే ఆవు గానీ గొర్రె గానీ కడుపునిండా మెక్కి, పొట్టలో ఆమ్లం పెరిగి కూలబడుతుంది. చచ్చిన కోడి మడిలో మిగిలితే, కుళ్ళిన మాంసంలో పుట్టే బోట్యులిజం విషం పశువులకు ముప్పు తెస్తుంది. ఆకలితో ఉన్న మందను మంచు ఆరని పప్పుజాతి మేతలోకి తోలితే కడుపు ఉబ్బుతుంది. లేత జొన్నలో, బెట్ట తర్వాత లేచిన జొన్న పిలకలో నాము అనే సైనైడ్ విషం ఉంటుంది. వీటిలో ఏదీ అరుదైన వింత కాదు.

కంచె దగ్గర గొర్రెలతో ఓపిక కావాలి. ఆవుకు ముక్కు ఎత్తులో ఒక్క తీగ చాలు, ఒకసారి షాక్ తగిలితే గుర్తుపెట్టుకుంటుంది. గొర్రెకు ఉన్ని అడ్డు, కాబట్టి ముక్కు, చెవి తగిలే ఎత్తులో రెండు మూడు తీగలు కావాలి. మేక ప్రతిరోజూ కంచెను పరీక్షిస్తుంది, కరెంటు పోయిన రోజును ఇట్టే పసిగడుతుంది. కొమ్ములున్న మేకలకు వల కంచె ప్రమాదం, తల ఇరుక్కుంటే ఉరిలా బిగుస్తుంది. కంచె పనిచేయకపోవడానికి సాధారణ కారణం భూమిలోకి దించిన ఎర్త్ కడ్డీలు చాలకపోవడం. పొడి నేలలో ఇది మరీ ఎక్కువ.

నీళ్ళు దూరమైతే వంతుల మేపు లాభంలో సగం పోతుంది. పశువు తిన్న నత్రజని, భాస్వరం, పొటాష్‌లలో ఎక్కువభాగం పేడ, మూత్రాలుగా తిరిగి బయటికే వస్తుంది. అది ఎక్కడ పడుతుందన్నదే ప్రశ్న. తొట్టి, చెట్టునీడ ఒకేచోట ఉంటే మంద రోజంతా అక్కడే చేరి, మడులన్నిటి సారాన్నీ మోసుకొచ్చి ఆ ఒక్కచోట పోస్తుంది. పదేళ్ళు అలా సాగితే తొట్టి చుట్టూ నేల అతిగా బలిసి, దూరపు మడులు చవిటిపారినట్టు తేలిపోతాయి. గొట్టాన్ని పొడిగించి, చిన్న తొట్టిని మందతో పాటు జరిపితే ఎరువు ఖర్చు లేకుండా మేత తిన్నచోటికే చేరుతుంది.

ఈ పద్ధతి గురించి అతిగా చెప్పేవారూ ఉన్నారు. విశాలమైన పొడి మేత భూముల మీద జరిగిన ప్రయోగాలను శాస్త్రవేత్తలు 2008లో కలిపి సమీక్షించారు. పశువుల సంఖ్య సమానంగా ఉన్నప్పుడు, ఎక్కువ ప్రయోగాల్లో వంతుల మేపు ఎడతెగని మేపు కంటే మెరుగైన ఫలితం ఇవ్వలేదు. దీన్ని దాచిపెట్టి ప్రచారం చేయడం రైతుకు మేలు కాదు. ఆ ప్రయోగాల్లో చాలావరకు వంతులు ముందే రాసుకున్న తేదీల ప్రకారం నడిచాయి, గడ్డిని చూసి మార్చలేదు. వాన ఎప్పుడో ఒకసారి పడే నేలలో గడ్డి పెరుగుదలను శాసించేది కంచె కాదు, ఆ వానే. తేమ ఉన్న చిన్న కమతం పరిస్థితి వేరు, అక్కడ గడ్డి వేగంగా తిరిగి లేస్తుంది, నట్టలూ అంతే వేగంగా లేస్తాయి. అలాంటి చోట వరుస, విరామం తేడా చూపిస్తాయి. పశువుల సంఖ్యను మాత్రం ఎక్కడైనా భూమికి తగ్గట్టు తగ్గించుకోక తప్పదు.

మందను జరిపే వేళ కూడా ఆలోచించదగ్గదే. పొద్దుటికంటే మధ్యాహ్నం దాటాక గడ్డిలో చక్కెరలు ఎక్కువ, మంచు ఆరి ఉంటుంది కాబట్టి పోచల మీద పురుగులు తక్కువ, కడుపు ఉబ్బే ప్రమాదమూ తక్కువ. పాలిచ్చే ఆవును కొత్త చారలోకి మొదట వదిలి, అది మేలైన కొసలు తిన్నాక వట్టిపోయిన ఆవును వదిలితే ఉన్న గడ్డి విలువకు తగ్గ చోటికి వెళుతుంది. ఏ మడిలోకి ఏ రోజు ఎవరు వెళ్ళారు, బయటికి వచ్చినప్పుడు గడ్డి ఎంత ఎత్తున ఉంది అన్న రెండు వివరాలను ఒక పుస్తకంలో రాసుకోవాలి. వంద రోజుల క్రితం గొర్రెలు ఎక్కడ మేశాయో జ్ఞాపకం మీద చెప్పడం ఎవరివల్లా కాదు.

వాన మొహం చాటేసి తర్వాతి మడి ఇంకా ఒక్క ఆకు మీదే ఉన్న రోజు వస్తుంది. ఆ రోజున గేటు తీయకూడదు. అన్నిటికంటే బలహీనమైన ఒక మడిని త్యాగానికి ఎంచుకుని, మంద మొత్తాన్ని అందులో ఆపి, దాచిన ఎండుగడ్డి పెట్టాలి. ఆ మడి తొక్కుడుకు చెడుతుంది, తర్వాత మళ్ళీ విత్తుకోవచ్చు. మిగిలిన 35 మడుల్లో మొదళ్ళు చెక్కుచెదరకుండా ఉంటాయి, తొలి వాన పడిన వారంలోనే చిగురు కనబడుతుంది.